గడియారం తీసి చూడాల్సిన కారు

వారెన్, ఒహాయో
అక్టోబరు, 1993

చిరంజీవి తమ్ముడు లియోకు అక్క ఐరీన్ దీవెనలు.

ఇక్కడ మేమంతా క్షేమమని రాయబోయి ఆగిపోయాను. నాన్న పోయాక "మేమంతా" అంటే నేనొక్కదాన్నే. నేను క్షేమం. నువ్వూ మార్గో పిల్లలూ బాగున్నారని తలుస్తాను.

నువ్వడిగినవాటికి ముందు జవాబులు. మోకాలు పరవాలేదు, మెట్లెక్కేటప్పుడే పేచీ పెడుతోంది. పైకప్పు కారడం ఆగింది. శుక్రవారాలు చర్చిలో పిరోగీలు చేయడానికి వెళుతూనే ఉన్నాను. ఉడికిన బంగాళాదుంప కూరుతూ మా ఆడవాళ్ల నోళ్లు ఊరుకోవు కదా, ఆ పూట ఇట్టే గడిచిపోతుంది. ఇంటికొచ్చి తాళం తీసేటప్పుడే గుండె బరువెక్కుతుంది. మనుషుల గొంతు వినిపిస్తుందని టీవీ పెట్టుకుని వంట చేసుకుంటున్నాను.

నాన్న కారు మీద దుప్పటి కప్పానా, ఎలుకలు చేరాయా అని అడిగావు. వచ్చే నెల బండి ఎక్కించే ట్రైలర్ తెచ్చి పట్టుకెళతానన్నావు. ఆ సంగతికి వస్తాను, కొంచెం ఓపిక పట్టు.

మొన్న బుధవారం మన ఊరి కార్ల మ్యూజియానికి వెళ్లాను. వాన పడుతోంది, లోపల జనం లేరు. ఒకప్పుడు డబ్బున్న మారాజులు తిరిగిన బళ్లన్నీ తాళ్ల వెనక మెరుస్తూ నిలబడి ఉన్నాయి. ఎక్కేవాళ్లు లేరు, దిగేవాళ్లు లేరు. వాటిని చూస్తే జాలేసింది. ముదురాకుపచ్చ ప్యాకార్డ్ కారు ఒకదాని ముందు ఆగాను. ఆగీ ఆగగానే చేతి గడియారం విప్పి కోటు జేబులో వేసుకున్నాను. నాన్న గుర్తున్నాడా? కారు చూడ్డానికి ఎవరొచ్చినా షెడ్డు గుమ్మంలోనే ఆపేసి, "గడియారం తియ్యి! బెల్టు బకిల్ పక్కకి తిప్పు! రంగు మీద గీత పడిందంటే వీపు చిట్లగొడతా!" అనేవాడు. చర్చి ఫాదర్‌ని కూడా వదల్లేదు.

వెనక ఎవరో నవ్వారు. కోవాచ్ అని, ఉక్కు మిల్లులో రిటైరై, ఇప్పుడు మ్యూజియంలో జీతం లేకుండా సాయం చేస్తుంటాడు.

"ఏవండోయ్, మధ్యలో తాడుంది. అక్కణ్ణుంచి గీత పెట్టాలంటే మీ చెయ్యి బారెడు సాగాలి."

"అలవాటండీ."

"ఇలాంటి అలవాటు ఉత్తినే రాదులెండి. మీ ఇంట్లో ఇట్టాంటి బండి ఉందా ఏంటి?"

"ఉండేది. ఇదే."

ఆయన నవ్వు ఆపేశాడు. "ఇదా! దీని తలుపు వేలితో నెడితే చాలు, చప్పుడు లేకుండా మూసుకుపోద్ది. ఎవరండీ దీన్ని బాగు చేసిన మహానుభావుడు?"

లియో, అంత్యక్రియల తర్వాత నాన్న గురించి నన్ను అడిగిన మొదటి మనిషి ఆయనే. మ్యూజియం మూసేదాకా చెబుతూనే ఉన్నాను.

అవును, అది మన కారే. వేసవిలోనే వాళ్లకిచ్చేశాను. "కారు సంగతి మీరిద్దరూ తేల్చుకోండి" అని పోయే ముందు నాన్న అంటే, నేనొక్కదాన్నే తేల్చేశాను. షెడ్డు కారుతోందనో, ఎలుకలు చేరాయనో సాకు రాద్దామనుకున్నాను. నిజం అది కాదు. అంత్యక్రియల రోజు నువ్వు గడియారం చూసుకుంటూనే ఉన్నావు, సాయంత్రం విమానానికే వెళ్లిపోయావు. కారు షెడ్డులోనే ఉంటే ఏదో ఒకరోజు ట్రైలర్ మీద ఎక్కించుకుని వెళతావనుకున్నాను. ఆ తర్వాత ఈ ఊళ్లో నీకేం పని? నాకు భయమేసింది. కారు ఇక్కడే ఉంటే నాన్న పేరెత్తేవాళ్లు ఒకరైనా ఉంటారు. బుధవారాలు వచ్చి బళ్లకి దుమ్ము తుడవమన్నాడు కోవాచ్. సరేనన్నాను.

అడక్కుండా చేశాను, నీకు కోపం వస్తుంది. తిట్టాలనుంటే ఫోన్లో వద్దు, వచ్చి తిట్టు. నీ గది దులిపి పక్క వేసి ఉంచాను. ట్రైలర్ అక్కర్లేదు. కారు దగ్గరికి నేనే తీసుకెళతాను. గుమ్మంలోనే నీ గడియారం విప్పించి నా జేబులో వేసుకుంటాను. అడిగినా వెంటనే తిరిగివ్వను.

ఇట్లు,
కారు లేకపోయినా వస్తావని చూస్తున్న
నీ అక్క ఐరీన్