పంతొమ్మిది ఇళ్ళ పాఠం

2003 ఫిబ్రవరి 10, సోమవారం

1958 క్రిస్మస్‌కి మా వంటింట్లో, అమ్మ పోసిన టీ తాగుతూ, అజరయా పార్డీ మా నాన్నకు మాట ఇచ్చాడు. జోబ్, నీ పొగగొట్టంలో పొగ లేచినన్నాళ్ళూ నా ఇంట్లోనూ పొయ్యి వెలుగుతుంది, చచ్చినా సంతకం పెట్టను అన్నాడు. పక్కనే ఉన్నాను. విన్నాను. పది నెలలు తిరక్కుండానే పెట్టాడు.

ఇవాళ పదకొండో తరగతి హాజరు పిలుస్తుంటే కొత్త పేరు వచ్చింది. జనెల్ పార్డీ. ఏ పార్డీలమ్మా మీరు అన్నాను. హాగ్డన్ దీవి వాళ్ళం సార్, అజరయా మా తాతయ్య, పోయిన నెలే ఒంటారియో నుంచి వచ్చేశాం, తాతయ్యని ఇక్కడ వృద్ధాశ్రమంలో చేర్చాం అంది. ముందు పళ్ళ మధ్య సందు కూడా ఆయనదే.

హాగ్డన్ దీవి మాదీ. ఇప్పుడక్కడ సముద్రపక్షులు తప్ప ఎవరూ లేరు. చిన్న దీవుల మీద ఊళ్ళు ప్రభుత్వానికి బరువయ్యాయి. డాక్టరునీ కరెంటునీ అంత దూరం పంపలేం, మీరే పెద్ద ఊళ్ళకు రండి, తరలింపు ఖర్చు ఇస్తాం అంది. షరతు ఒక్కటే. ప్రతి ఇంటి యజమానీ సంతకం పెట్టాలి. ఒక్కడు కాదన్నా ఎవరికీ ఏమీ రాదు. మావి పంతొమ్మిది ఇళ్ళు. పదిహేడు ఇళ్ళు సంతకం పెట్టాయి. మిగిలింది నాన్న, అజరయా. అజరయా కూడా పెట్టేశాక, అన్ని ఇళ్ళ ఉసురూ పోసుకోలేక నాన్న పెట్టాడు. ఇంటిని పీపాల మీద తేల్చి, పడవలకు కట్టి, ఈ ఊరికి లాక్కొచ్చారు. నేనుంటున్నది అందులోనే. నేల ఇప్పటికీ ఒరిగే ఉంది. బల్ల మీద పెన్సిలు పెడితే కిటికీ వైపు దొర్లుతుంది.

నలభై ఏళ్ళుగా ఈ ఊరి హైస్కూల్లో కెనడా చరిత్ర చెబుతున్నాను. జూన్‌లో రిటైర్మెంట్. ఇన్నేళ్ళకి నా క్లాసులో ఒక పార్డీ కూర్చుంది.

ఫిబ్రవరి 13

ముప్పైల నాటి ఆర్థిక మాంద్యం మీద పేపర్లు దిద్దాను. అప్పటి జనం ఎందుకంత నిరాశగా ఉన్నారు అన్న ప్రశ్నకి కోడీ స్ట్రిక్లాండ్ ఇంటర్నెట్ లేక అని రాశాడు. అర మార్కు వేశాను. మిగతావాళ్ళు కారణం కూడా వెతకలేదు.

పాఠ్యపుస్తకం నాలుగు వందల పన్నెండు పేజీలు. అందులో మా తరలింపు పదకొండు పంక్తులు. రాసిన ప్రొఫెసర్ యూనివర్సిటీలో నా పక్క గదివాడు. నా నోట్సు చదివి పాసైనవాడు. ఆ పదకొండులో రెండు తప్పులు. ఆయనకు మూడు ఉత్తరాలు రాశాను. జవాబు లేదు.

ప్రిన్సిపాల్ డెరెక్ ఫడ్జ్ స్టాఫ్ రూమ్‌లో పట్టుకున్నాడు. సార్, తరలింపు పాఠానికి ఆ కార్డుల ఆట ఇంకా ఎన్నాళ్ళు, నాలుగు స్లైడ్లు చేసుకుంటే పోయేదిగా అన్నాడు. 1979లో వీణ్ణి ఫెయిల్ చేశాను. డెరెక్, నీకు అప్పుడూ చదవడమంటే బద్ధకమే అన్నాను. నవ్వాడు. వాడి జీతం ఆ నవ్వుకే.

ఫిబ్రవరి 21

మంచు తుఫాను. బడి లేదు. తిట్టడానికి ఎవరూ దొరకలేదు.

మార్చి 4, మంగళవారం

కార్డులు తీశాను. ఇంటికొకటి, మొత్తం పంతొమ్మిది. ముప్పై ఏళ్ళ కింద నా చేత్తో రాసినవి. యజమాని పేరు, వయసు, పిల్లలెందరు, పడవ ఎలాంటిది. పేర్లన్నీ అసలువే. పిల్లలు ఒక్కో కార్డు తీసుకుని ఆ మనిషిగా మాట్లాడాలి. రెండుసార్లు ఊరిసభ జరపాలి. రెండో సభలో సంతకాలు. ముప్పై ఏళ్ళలో ప్రతి క్లాసూ ఊరు వదిలేసింది. అజరయా కార్డు ఎవరికొస్తే వాడికి ఏడాదంతా ద్రోహి అనే పేరు ఉండిపోతుంది. దాని మీద ఇలా ఉంది: మాట ఇస్తాడు, తప్పుతాడు.

కార్డులు టోపీలో వేసి లాటరీ అని చెప్పాను. అబద్ధం. జనెల్ దగ్గరికి వచ్చేసరికి ఆ కార్డు నా వేళ్ళ మధ్య ఉంది.

చదువుకుంది. సార్, ఇది మా తాతయ్య పేరు అంది. వెనక నుంచి కోడీ ఈల వేశాడు. చరిత్ర చుట్టరికాలు చూడదమ్మా అన్నాను. బాగుందనుకున్నాను అప్పుడు. ఇంటికొచ్చి రాస్తుంటే చేదుగా ఉంది.

మార్చి 6

మొదటి సభ. మా నాన్న కార్డు కోడీకి పోయింది. విధవరాలు ట్రైఫీనా కార్డు తీసుకున్న పిల్ల, నా మోకాళ్ళకి డాక్టరు కావాలయ్యా అని మూలిగింది. నీ మోకాళ్ళ కోసం నా చేపల పాక వదులుకోవాలా అత్తా, వచ్చే జన్మలో కొత్తవి అడుగు అన్నాడు కోడీ. క్లాసంతా బల్లలు చరిచింది. నాన్న అలా మాట్లాడేవాడు కాదు. కానీ ఆయన ఆ రోజు వంటింట్లో కూర్చున్నట్టే, కుర్చీ అంచున కూర్చున్నాడు వెధవ.

జనెల్ నోట్‌బుక్‌లో ఏదో కూడుతోంది. చివర లేచింది. సార్, అన్ని కార్డుల్లో కలిపి ముప్పై ఒక్క మంది పిల్లలున్నారు, మరి వీళ్ళకి చదువు చెప్పేదెవరు, పంతులుకి కార్డు లేదేం అని అడిగింది.

గంట కొట్టారు అన్నాను. ఇంకా ఆరు నిమిషాలుంది. అందరూ గడియారం చూశారు.

మార్చి 7

డెరెక్ పిలిచాడు. జనెల్ వాళ్ళ నాన్న ఫోన్ చేశాడట. మా పిల్లని క్లాసులో దొంగలా నిలబెట్టాడు మీ ముసలాయన అన్నాడట. సార్, మీకో దండం, జూన్ దాకా ఎలాగోలా లాగించండి, నాకు తలనొప్పి తేకండి అన్నాడు డెరెక్. నేను చెప్పింది నిజం, సాక్ష్యముంది అన్నాను. ఎవరిది అన్నాడు. నా చెవులది అన్నాను. మీరే కదా సార్ మాకు నేర్పింది, ఒక్క సాక్షి చాలడని అన్నాడు.

ఫెయిలైనవాడికి ఈ ముక్క మాత్రం ఎలా గుర్తుందో.

మార్చి 10, సోమవారం

క్లాసయ్యాక జనెల్ ఆగింది. రెండో సభ ఇరవైనే కదా సార్, మా తాతయ్య మాట తప్పాడని రుజువు చేస్తే మీ కార్డులో ఉన్నట్టే ఆడతాను, చేయలేకపోతే ఆ వాక్యం మీరే కొట్టేయాలి, అందరి ముందూ కొట్టేయాలి అంది. కళ్ళు దించలేదు. మళ్ళీ అంది: తాతయ్య మిమ్మల్ని రమ్మన్నాడు, కార్డు కూడా తెమ్మన్నాడు, రాకపోతే వాకర్ పట్టుకుని తనే బడికొస్తాడట.

వెళ్ళను.

మార్చి 13, గురువారం, సాయంత్రం 5

వెళ్ళాను.

కిటికీ పక్క కుర్చీలో ఉన్నాడు. ఎనభైకి దగ్గర. చూపు బాగా తగ్గింది. అడుగుల చప్పుడుకే, ఏరా హెడ్లీ, నలభై నాలుగేళ్ళు పట్టిందా ఈ రెండు వీధులు దాటడానికి అన్నాడు. నువ్వు ఒంటారియోలో ఉంటివిగా అన్నాను. పోస్టాఫీసులు అక్కడా ఉన్నాయిరా అబ్బాయ్ అన్నాడు.

కార్డు చదవమన్నాడు. చదివాను. మాట ఇస్తాడు, తప్పుతాడు. నర్సు వింటోందని గొంతు తగ్గిస్తే, గట్టిగా చదువు, చెవులు కూడా అంతంతమాత్రమే అన్నాడు. మళ్ళీ చదివాను. నీ రాత బాగుంటుంది, మా అమ్మాయి ఎఫీకి ఆ రాతే నేర్పావు, సగంలో ఆపేశావు అన్నాడు.

హాగ్డన్ బడిలో పంతుల్ని నేనే. నేనెప్పుడూ దాచలేదు. ఎవరూ అడగలేదు, అంతే. పద్దెనిమిదో ఏట చేరాను. రెండేళ్ళు చెప్పాను. 1958 సెప్టెంబరులో, ఒక్క ఏడాది సెయింట్ జాన్స్ నగరంలో యూనివర్సిటీలో చదువుకుని మళ్ళీ సెప్టెంబరుకల్లా వచ్చేస్తానని బడిలో ఊరందరి ముందూ చెప్పి బయల్దేరాను. క్రిస్మస్‌ సెలవులకు ఒకసారి వచ్చి వెళ్ళాను. ఆ ఏడాది బడి మూసే ఉంచారు, నా కోసం. మరుసటి ఆగస్టులో రావడం లేదని నాన్నకు ఉత్తరం రాశాను.

మీ నాన్నకి నేను రెండు మాటలిచ్చాను, నీకు తెలిసింది ఒకటే అన్నాడు అజరయా. ఆయనకి చదువు రాదు కదా, నీ ఉత్తరం నా దగ్గరికి తెచ్చాడు, నేనే చదివాను అన్నాడు. నాన్న ఉత్తరం మడిచి జేబులో పెట్టుకున్నాడట. తర్వాత అన్నాడట: అజ్, వాడు రాడు, ఇంకెవడూ రాడు, నీకు నలుగురు పిల్లలు, నీ మాట నీకు తిరిగిచ్చేస్తున్నా, పోయి సంతకం పెట్టు. తలుపు దాకా వెళ్ళి వెనక్కి తిరిగి రెండో మాట తీసుకున్నాడట. వాడు రాకపోవడం వల్లే ఊరు పోయిందని వాడికి ఎప్పటికీ తెలియనివ్వకు, చదువుకుంటున్నాడు అన్నాడట.

ఇదంతా ఇప్పుడు అల్లుతున్నావు అన్నాను. అజరయా నవ్వాడు. ఒకటిన్నర పేజీ రాశావు, ఇక్కడ నా భవిష్యత్తు అని రెండుసార్లు రాశావు, చివర్లో ఊలు మేజోళ్ళు పంపమన్నావు, మీ అమ్మ పంపింది కూడా అన్నాడు.

బూడిద రంగువి. పంపింది.

మరి ఇన్నాళ్ళూ ఎందుకు నోరు మూసుకున్నావు, ఇప్పుడెందుకు తెరిచావు అన్నాను. నన్ను తిట్టుకో, ఎన్నేళ్ళైనా పడతాను, పిల్లని నిలబెట్టావు చూడు, అక్కడ తెగిందిరా అన్నాడు. నర్సు పెట్టిన టీ చల్లారిపోయింది, తాగు అన్నాడు. తాగాను. ఏం చేయను.

అదే రోజు, 8 గంటలకు

నాన్న 1964లో పోయాడు. ఈ ఊరొచ్చిన నాలుగేళ్ళలో ఒక్కసారి కూడా అజరయాని తిట్టలేదు. నేను తిడుతుంటే లేచి బయటికి వెళ్ళి కట్టెలు కొట్టేవాడు. అది ఆయన పెద్దమనసు అనుకునేవాణ్ణి. వినలేక వెళ్ళాడని ఇప్పుడు తెలుస్తోంది. చరిత్రలో నాకు పట్టా ఉంది.

మార్చి 18

ఇరాక్ యుద్ధానికి కెనడా వెళ్ళడం లేదని నిన్న ప్రకటించారు. ఇది పరీక్షకి వస్తుందా సార్ అన్నాడు కోడీ. ఇరవై ఏళ్ళ తర్వాత వస్తుంది అన్నాను. హమ్మయ్య, అప్పటికి పాసైపోతాం అన్నాడు. మిగతావాళ్ళ సంగతి సరే, వీడి విషయంలో నేను హామీ ఇవ్వలేను.

నిద్ర సరిగా లేదు. ఒక తెల్ల కార్డు కత్తిరించాను. దాని మీద ఏమీ రాయలేకపోయాను.

మార్చి 20, గురువారం

రెండో సభ. ముందు అజరయా కార్డు అడిగి తీసుకుని, అందరి ముందూ, ఎర్ర పెన్నుతో ఆ వాక్యం కొట్టేశాను. ఇన్నేళ్ళు తప్పు చెప్పాను, సాక్ష్యం ఇప్పుడు దొరికింది అన్నాను. నేను తప్పన్న మాట నా నోట వాళ్ళెప్పుడూ వినలేదు. మరి పాత బ్యాచ్‌లందరికీ మార్కులు తిరిగిస్తారా సార్ అన్నాడు కోడీ. ఎవరో వాణ్ణి గిల్లారు.

ఇరవయ్యో కార్డు నా దగ్గరే ఉంది, పంతులు కార్డు, అది నేనే ఆడతాను అన్నాను. పేరు చెప్పలేదు.

సభ మొదలైంది. పదిహేడు సంతకాలూ పది నిమిషాల్లో పడ్డాయి. ఈ కాలప్పిల్లలకి వెళ్ళడం తేలిక. వీళ్ళ బాబాయిలు సగంమంది ఉద్యోగాలకని పోయి ఆల్బర్టాలోనే ఉన్నారు. మిగిలింది కోడీ, జనెల్. కోడీ చేతులు కట్టుకుని, నువ్వు నాతో ఉన్నట్టేగా అజ్ అన్నాడు. ఈసారి వేళాకోళం లేదు వాడి గొంతులో.

జనెల్ నా వైపు తిరిగింది. పంతులుగారూ, నాకు నలుగురు పిల్లలు, పెద్దదానికి పదకొండేళ్ళు, ఇంకా కూడబలుక్కునే చదువుతోంది, మీరు సెప్టెంబరుకి వస్తున్నారా లేదా అని అడిగింది.

ఆట అని తెలుసు. ముప్పై ఏళ్ళుగా ఆడిస్తున్నవాణ్ణి. బల్ల అంచు పట్టుకున్నాను.

రావడం లేదు అన్నాను.

ఎందుకు అంది.

అక్కడ లైబ్రరీ ఉంది అన్నాను. అబద్ధం కాదు. నాలుగంతస్తులు. మొదటిసారి లోపలికి వెళ్ళిన రోజు మధ్యాహ్నం భోజనం సంగతే మరిచిపోయాను. హాగ్డన్ బడిలో ఉన్న పుస్తకాలు పద్నాలుగు. వాటిలో మూడు బైబిళ్ళు. ఇది పిల్లలకి చెప్పలేదు. చెబితే సంజాయిషీ అవుతుంది.

జనెల్ కోడీ దగ్గరికి నడిచింది. జోబ్, నన్ను వదిలెయ్ అంది. కోడీకి కార్డులో దీనికి జవాబు లేదు. నా ముఖం చూశాడు. నేనేమీ సైగ చేయలేదు. పో, పెట్టెయ్, పిల్లల్ని చూసుకో అన్నాడు వాడు. అదే మాట. వాడికెవరూ చెప్పలేదు.

ఇద్దరూ సంతకం పెట్టారు. అప్పుడు ట్రైఫీనా మోకాళ్ళ పిల్ల అడిగింది, ఆ పంతులు పేరేంటి సార్ అని. హెడ్లీ కీపింగ్ అన్నాను. కాసేపు ఎవరికీ వెలగలేదు. వాళ్ళకి నేను సార్‌ని. తర్వాత ఒక్కొక్కరే తలుపు మీది నేమ్‌ప్లేటు చూశారు.

మార్చి 24

ఊరంతా పాకింది. చాలా ధైర్యం సార్ అన్నాడు డెరెక్. వచ్చే ఏడాది కూడా ఒకరోజు వచ్చి ఈ పాఠం చెప్పి పొమ్మన్నాడు. జనెల్ వాళ్ళ నాన్న దుకాణంలో ఎదురుపడి నా చెయ్యి పట్టుకుని ఊపాడు. జనెల్ కొండపండ్ల జామ్ సీసా తెచ్చింది. తాతయ్య మిమ్మల్ని ఆదివారాలు రమ్మన్నాడు, హాగ్డన్ సంగతులు మాట్లాడుకోవడానికి ఇంకెవరూ మిగల్లేదన్నాడు అంది. చూద్దాం అన్నాను. క్లాసులో ఇప్పుడు తల ఎత్తుకుని కూర్చుంటోంది. ఈ పని ఒక్కటి సరిగా చేశాను.

ఒంట్లో సత్తువ లేదు. కోపం ఉన్నన్నాళ్ళూ పొద్దున్నే లేవడానికి ఒక కారణమన్నా ఉండేది.

ఏప్రిల్ 2

జూన్ పరీక్షకి ప్రశ్న తయారుచేశాను. హాగ్డన్ దీవి ఖాళీ కావడానికి కారణం ఎవరు, సాక్ష్యాలతో రాయండి. పక్కన జవాబు కూడా రాసుకున్నాను: పంతులు. ఐదు మార్కులు.

ఆదివారం వెళ్ళలేదు. వచ్చే ఆదివారమూ వెళ్ళను.

ఇది ఎవరూ చదవరు కాబట్టి రాస్తున్నాను. నాన్న బతికుండగా ఆ ముసలాయన నాకొక్క మాట చెప్పి ఉంటే నాన్న కాళ్ళ దగ్గర కూర్చునేవాణ్ణి. ఐదేళ్ళు టైముంది. నోరు విప్పలేదు, ఇచ్చిన మాటట. నా తప్పు నాకు తెలుసు. అయినా నేను క్షమించలేనిది అజరయా పార్డీని.