గత ఏడు రోజుల్లో ఏ పని చేశారు?

బహదూర్‌పల్లి

చిరంజీవి యమునకు నాయిన ఆశీర్వదించి రాస్తున్నది. ఇక్కడ మేమిద్దరం బాగున్నాం. మీ అమ్మకు మోకాళ్ల నొప్పి తగ్గింది, నోరు మాత్రం తగ్గలేదు. ఫోన్లు ఉండగా ఉత్తరమేమిటని నవ్వుకుంటావు. ఫోన్‌లో అయితే నువ్వు మధ్యలో ఏదో అడుగుతావు, నేను మాట మార్చేస్తాను. అందుకని.

ఎకనమిక్స్‌లో పిహెచ్‌డీ చేయనా అని అడిగావు. నన్ను ఇందులోకి పంపింది మా అన్న, మీ మల్లేష్ పెదనాయిన. ఇంటర్ అయ్యాక నన్ను వల ముట్టనివ్వలేదు. "ఇద్దరి పని నేనొక్కన్నే జేస్త, నువ్వు సదువుకో" అన్నాడు. తెల్లారేసరికి చేపలు పట్టి, మేడ్చల్ దాకా సైకిలు తొక్కి అమ్మి నన్ను చదివించాడు. తర్వాత ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పాను, ఊళ్లు తిరిగి సర్వేలు చేశాను. మనిషి బతుకును ఒక్క ప్రశ్నతో పట్టేస్తానని నన్ను పొగిడేవాళ్లు. నేనూ పొంగిపోయేవాణ్ణి.

పెదనాయిన ఎలా ఉన్నాడని కూడా రాశావు. బాగాలేడమ్మా. చేపల సంఘం జాబితాలోంచి పేరు కొట్టేశారు. వానాకాలం మొదలు చెరువులో వల వేయనివ్వడం లేదు. అరవై రెండేళ్ల వయసులో అలియాబాద్ దగ్గర కొత్త ఇళ్లకు ఇటుకలు మోస్తున్నాడు. నాతో అర్జీ రాయించుకున్నాడు. "నువ్వు పెద్ద సారువి, నువ్వు రాస్తె ఆఫీసోల్లు ఇంటరు" అన్నాడు.

పోయిన నెలలో జవాబు పట్టుకుని వచ్చాడు. చదివి వినిపించాను. సర్వే రిపోర్టు నలభై ఒకటో పేజీలో ఆయన్ను కూలీగా రాశారట, అందుకే తీసేశారట.

"గా రిపోర్టు రాసింది ఎవరు తమ్ముడా?"

"ఎవరో సారు" అన్నాను.

"గా సారు ఒక్కపారి ఎండకాలంల మన చెరువు మొఖం జూసుంటె గిట్ల రాయకపోతుండె."

ఆ సారు పేరు ఆ కాగితం మీదే ఉంది, యమునా. నా పేరే.

మూడేళ్ల కిందట ఆ సర్వే నాకే అప్పగించారు. 'గత ఏడు రోజుల్లో ఏ పని చేశారు?' అని పుస్తకాల్లో ఉన్న ప్రశ్నే పెట్టాను. సెలవులు కదా అని విద్యార్థులను మే నెలలో పంపాను. మే నెలలో చెరువు ఎండిపోతుంది, చేపలవాళ్లంతా కూలికి పోతారు. చిన్నప్పుడు ఏటా మే నెలలో మా నాయిన వెంట మట్టిపనికి పోయినవాణ్ణి, నాకు తెలియదా? అయినా తట్టలేదు. అన్న ఉన్న మాటే చెప్పాడు. ముప్పై ఒక్క కుటుంబాలను కూలీలని రాసి కింద సంతకం పెట్టాను.

సరిదిద్దమని మూడుసార్లు రాశాను. చివరికి ఆఫీసుకే పోయాను. అక్కడి అధికారి చక్రపాణి నా దగ్గర చదివినవాడే. లేచి నిలబడి కుర్చీ వేశాడు. "సార్, పద్ధతి మీరు నేర్పిందే. జాబితా ఖాయమైపోయింది. మళ్లా సర్వే అయిదేండ్లకే" అన్నాడు. వాడి తప్పేముంది? టీ తాగి వచ్చేశాను. ఇంకేం చేయాలో తెలియడం లేదు.

చదివిన రోజే ఆ కాగితం నా దగ్గర ఉంచుకుంటానన్నాను. అన్న ఇవ్వలేదు, మడిచి జేబులో పెట్టుకున్నాడు. "దసరాకు యమునొస్తది గదా, మల్లొకపారి సదివిపిచ్చుకుంట. పిల్ల మంచిగ ఇడమరిసి చెప్తది" అన్నాడు.

ఆ పేరు దాటేసి చదవమని నిన్ను అడగలేను. చదవమని చెప్పే ధైర్యం కూడా నాకు లేదు. నువ్వు వచ్చేలోగా నేనే చెప్పేస్తానని రోజూ అనుకుంటున్నాను, అన్న ఇంటికని బయలుదేరి శామీర్‌పేట దాకా పోయి తిరిగొస్తున్నాను.

దసరాకు రావడం మాత్రం మానకు. నీకు ఇష్టమని పెదనాయిన కొర్రమీను తెస్తానన్నాడు. బజారులో కొని.

ఇట్లు,
నీ నాయిన
మహేందర్