కదలని నీళ్లు

మంగళవారం, ధర్మవరం

అన్నం తిన్న అరగంటకు ఒళ్లు లోపల్లోపలే అదురుతోందని ఇవాళ డాక్టరుకు చెప్పాను. చాచిన నా చేతుల మీద కాగితం పెట్టి చూశాడు. అది కదల్లేదు.

"కడుపు వల్ల కూడా కావచ్చు. మీ ఇంట్లో ఇంకెవరికైనా ఇట్లుండేదా?"

"లేదు సార్," అన్నాను.

బయటికొచ్చాక నా భార్య అడిగింది: "అత్తకు ఉండె గదా, లేదంటివేమి?"

తిన్నాక లోపల వణుకొస్తాదని అమ్మ సరిగ్గా ఇదే చెప్పేది. ఓ రోజు చీరలు కొనడానికి వచ్చినవాళ్ల ముందే ఆమె చేతికి నిండు గ్లాసిచ్చాను. "నీళ్లు కదల్లేదు గదమ్మా, వణుకు యాడుండాది? తిన్నాకే వస్తాదంటే తినేది మానుకో," అన్నాను. అందరూ నవ్వారు. అమ్మ కూడా నవ్వింది.

ఆ రాత్రి నుంచి పోయేదాకా ఆమె సగం సంగటి ముద్దే తినేది. "ఆకలి లేదు నాయనా," అనేది. నేను నమ్మినట్టే ఉండేవాణ్ని.