తప్పు ఎట్లా చెప్పాలి?

అక్కా,

నువ్వు పోయినాక కాలేజీలో నీ క్లాసు నాకే ఇచ్చినారు. వేరే దేశాలోళ్ళతో వ్యాపారం చేసేటప్పుడు ఎట్లా మసులుకోవాలో చెప్పే పాఠాలే. ఈ రోజు ఆడ ఒకటి జరిగింది. నువ్వుంటే, మనం దిగే కోడంబాక్కం స్టేషన్ వచ్చేదాకా రైల్లో అదే మాట్లాడేదానివి.

డెన్మార్క్ నుంచి వచ్చిన ఫ్రేయా అనే పిల్ల, పోయిన వారం కార్తీక్ ప్రాజెక్టు తప్పని అందరి ముందరా చెప్పేసింది. వాడు చిన్నబోయి క్లాసుకి రావడమే మానేసినాడు. ఫోన్ చేసి బతిమాలి ఈ రోజు రప్పించినా. ఇద్దర్నీ ఎదురెదురుగా కూర్చోబెట్టి, "మీ ఇంట్లో తప్పు ఎట్లా చెప్తారు?" అని అడిగినా.

"మా అమ్మ ముందు అన్నం పెడుతుంది మేడమ్. తర్వాత, ఎవరూ లేనప్పుడు చెప్తుంది," అన్నాడు కార్తీక్.

ఫ్రేయా ఆశ్చర్యపోయింది. "మా నాన్న అక్కడికక్కడే, అందరి ముందరే చెప్తాడు. చెప్పకుంటే, నా మీద ఆశ వదులుకున్నాడేమో అని భయపడతాను."

కార్తీక్ ఆ పిల్లతో, "సరి, ఇంకేం తప్పులుండాయో చెప్పు. కానీ ఈడ కాదు, క్యాంటీన్‌లో," అన్నాడు. క్లాసంతా నవ్వింది.

సాయంత్రం ఫ్రేయా కనిపిస్తే, నా పాఠంలో తప్పేముందని అడిగినా.

"మేము ఆలోచించేలోపలే మీరు జవాబు చెప్పేస్తారు," అనింది.

నువ్వు పోయినాక నాకు తప్పు చెప్పింది ఆ పిల్లే అక్కా. రేపు ప్రశ్న అడిగి, ఎంతసేపైనా నోరు మూసుకుని కూర్చుంటా. వాళ్ళేం చెప్తారో వినాలని ఉండాది.