పక్షులు కాళ్ళ కింద ఎగిరే ఊరు

జనవరి 9, 1949. బెజవాడ

ఓడ బయలుదేరిందని బొంబాయి నుంచి తంతి వచ్చింది. మరిది మార్కండేయులు, తోడికోడలు మాణిక్యం క్షేమంగా ఎక్కారట. స్పెయిన్ కొసనున్న జిబ్రాల్టర్‌లో ఒక సింధీ సేటు గారి బట్టల షాపులో మరిదికి ఉద్యోగం. మూడేళ్ళ ఒప్పందం.

ఆ ఉద్యోగం ముందు మా ఆయనకి వచ్చింది. సేటు గారు వన్ టౌన్‌లో మా బట్టల కొట్టుకి వచ్చి, రుమాళ్ళు చూసి, ఈయన్నే రమ్మన్నారు. అమ్మని వదిలి రాలేనని చెప్పి తమ్ముణ్ణి పంపారు. నన్ను ఒక్క మాట అడగలేదు.

నేను థర్డ్ ఫారం పాసయ్యాను. స్పెయిన్ ఎక్కడుందో కళ్ళు మూసుకుని మ్యాపులో చూపిస్తాను. మాణిక్యం చల్లపల్లిలో ఐదో క్లాసుతో ఆపేసింది. తల్లి లేని పిల్లని అత్తయ్యకి జాలి. స్టేషన్లో నన్ను కావిలించుకుని, అక్కయ్యా, అసలు నువ్వు వెళ్ళాల్సింది అంది. అంత మంచిగా అనకుండా ఉంటే బాగుండేది.

ఫిబ్రవరి 21

మొదటి ఉత్తరం. కవరు మీద నా పేరు. అత్తయ్యకి చదువు రాదు. ఆయన చదవరు. తమ్ముడి భార్య రాసిన ఉత్తరం బావగారు విప్పకూడదని పట్టింపు. మరిది విడిగా కొట్టుకి రాస్తాడు, అందులో అన్నీ బట్టల బేళ్ళ సంగతులే. కాబట్టి చదివే పని నాది.

పోస్టుమాను మలుపు తిరగకముందే అత్తయ్య చుట్టుపక్కల వాళ్ళని పిలిచారు. పక్కింటి మెహబూబ్ బీ, ఇంకో నలుగురు వచ్చి వసారాలో కూర్చున్నారు. ఓడలో వాంతులు, జిబ్రాల్టర్ కొండ మీద కోతులు. అందరూ నవ్వారు. ఎంత బాగా రాసిందీ అన్నారు. ఎంత బాగా చదివిందీ అని ఎవరూ అనలేదు.

ఏప్రిల్ 5, మధ్యాహ్నం మూడు

ఇవాళ చేసిన పని ఇక్కడ తప్ప ఇంకెక్కడా చెప్పుకోలేను.

రెండో ఉత్తరం. ఎనిమిది పేజీలు. స్పెయిన్ లోపలికి వెళ్ళి ఒక ఊరు చూసి వచ్చారట. పేరు రోండా. మరపడవలో సముద్రం పాయ దాటి, రైలెక్కి, కొండల్లోకి వెళ్ళారట. ఊరంతా కొండ కొమ్మున ఉందట. మధ్యలో కొండ నిలువునా చీలిపోయి ఉంటే, రెండు ముక్కల్నీ కలుపుతూ రాతి వంతెన. పిట్టగోడ పట్టుకుని కిందికి చూస్తే ఏరు దారప్పోగులా కనిపించిందట. "అక్కయ్యా, పక్షులు మన కాళ్ళ కింద ఎగురుతున్నాయి" అని రాసింది.

ఐదో క్లాసు చదివిన మనిషికి ఆ మాట ఎలా తట్టింది? అక్కడ నిలబడి ఉంటే అది నేను అనాల్సిన మాట.

ఇళ్ళన్నీ తెల్లటి సున్నం, కిటికీలకి ఇనప ఊచలు, ఊచలకి పూల తొట్లు. నల్లబట్టల ముసలమ్మ ఒకావిడ మాణిక్యం చీర అంచు పట్టుకుని చూసి, ముక్కుపుడక తాకి, నవ్విందట. తురకరాజుల కాలంలో కొండ లోపలే ఏటిదాకా మెట్లు తొలిపించారట. ఖైదీలు ఆ మెట్ల మీద నీళ్ళు మోసేవాళ్ళట. ఆ ముక్క మెహబూబ్ బీ రెండుసార్లు చదివించుకుంది. స్టేషన్లో పిల్లలు రొట్టె కోసం చెయ్యి చాపితే, కట్టుకెళ్ళిన పులిహోర పెట్టేసిందట. అత్తయ్య కళ్ళు తుడుచుకున్నారు.

ఆఖరి పేజీలో నోటికంటే కన్ను ముందు వెళ్ళింది. అక్కడ ఇలా ఉంది:

"అత్తయ్యా, నాకు మూడో నెల. మెట్లు దిగి ఎక్కలేక మధ్యలో కూలబడ్డాను. ఇక్కడ పురుడు పోయటానికి ఆడదిక్కు లేదు. జూన్‌లో తెలిసినవాళ్ళు బొంబాయి వస్తున్నారు. మీరు రమ్మంటే వాళ్ళతో వచ్చేస్తాను. పెద్దవాళ్ళు రమ్మంటేనే పంపుతానని ఈయన అంటున్నారు. మే నెలాఖరులోగా జవాబు అందేట్టు రాయించండి."

నేను చదివింది: "ఇక్కడ అందరం క్షేమం. అక్కడి క్షేమ సమాచారాలు రాయించవలెను."

అంతే. కాగితం మడిచాను. ఎవరికీ అనుమానం రాలేదు.

నాకు పెళ్ళయి ఎనిమిదేళ్ళు. రెండుసార్లూ కడుపు నాలుగో నెలలోనే పోయింది. ఆమెకి ఓడ వచ్చింది, కొండ మీద ఊరు వచ్చింది. ఇప్పుడు ఇదీనా? తిరిగొస్తే అత్తయ్య సీమంతం చేస్తారు. గాజులు తొడిగే చోట నేను పళ్ళెం పట్టుకుని నిలబడాలి.

ఏప్రిల్ 6

అత్తయ్య చెబుతుంటే జవాబు రాశాను. కొండలూ గుట్టలూ తిరగొద్దని, చలిగాలికి చెవులకి గుడ్డ కట్టుకోమని. కవరు నేనే అంటించాను.

ఏప్రిల్ 10, ఆదివారం

మనకీ కొండ మీద కోట ఉంది, చూపించండి అని నాలుగు రోజులుగా సాధిస్తే ఇవాళ ఆయన కొండపల్లి తీసుకెళ్ళారు. తెల్లవారుజామున రైలు. ఎండ ముదరకముందే ఎక్కాలని తొందర.

పైన కూలిన మహలు. గుమ్మాలున్నాయి, తలుపులు లేవు. గోడల్లో రావి మొక్కలు, దర్గా దగ్గర ఊదు వాసన. అంచుకి వెళ్ళి కిందికి చూశాను. పక్షులు నా తల పైనే ఎగిరాయి. ఎంతసేపు నిలబడ్డా కిందికి దిగలేదు.

ఆయన ఆయాసపడుతూ నీడన కూర్చున్నారు. అలిగావా అని అడిగారు. మీ అమ్మ కోసం నా ఓడ వదిలేశారు అన్నాను. అంతకుముందెప్పుడూ అనలేదు. ఆయన ఒక గులకరాయి తీసుకుని చేతిలో తిప్పారు.

"అమ్మ కోసం కాదు పార్వతీ. నాకు నీళ్ళంటే భయం. కృష్ణ దాటే సీతానగరం పడవ ఎక్కినా కళ్ళు మూసుకునే కూర్చుంటా. నెల రోజులు సముద్రం మీద నావల్ల కాదు. తమ్ముడికి కూడా చెప్పలేదీ సంగతి."

జాలి పడాల్సింది. పడలేదు. ఒక మనిషి నీళ్ళ భయానికి నా బతుకంతా ఈ వసారాలో అయిపోతోందని ఒళ్ళు మండింది. దిగేటప్పుడు ఆయన చెయ్యి అందిస్తే పట్టుకోలేదు.

ఇంటికి రాగానే ఉత్తరం ట్రంకుపెట్టె అడుగుకి తోశాను.

మే 16

రమ్మని ఇవాళ రాసి పోస్టులో వేస్తే నెలాఖరులోగా అందుతుంది.

మే 17

వెయ్యలేదు.

జూన్ 28

మూడో ఉత్తరం. అర పేజీ. అత్తయ్య ఒక్కరే ఉన్నారు. ఆవిడకి తెలియకుండా నేను ముందే విప్పి చదివేశాను.

"మీ జవాబులో నా సంగతి ఏమీ లేదు. అంటే వద్దనే అని అర్థం చేసుకున్నాం. మీ మాట కాదనను. వాళ్ళు మొన్న ఓడెక్కి వెళ్ళిపోయారు. పురుడు ఇక్కడి ఆస్పత్రిలోనే. నావల్ల ఏ తప్పు జరిగిందో తెలియదు, క్షమించండి."

కోతుల మాట లేదు. పూలతొట్ల మాట లేదు. నాకు పట్టలేనంత సంతోషం కలగాలి కదా. అన్నం సయించలేదు.

జూన్ 30, సాయంత్రం

చెప్పేశాను.

అత్తయ్య చింతపండు పిక్కలు తీస్తున్నారు. రెండు ఉత్తరాలూ తెచ్చి, పక్కన కూర్చుని, ఉన్నది ఉన్నట్టు చదివాను. ఏప్రిల్‌లో ఇదంతా దాచానని చెప్పాను. ఎందుకు దాచానో కూడా చెప్పాను. ఆవిడ చేతులు ఆగిపోయాయి. తిడతారనుకున్నాను.

"ఆ ముక్క ఇంకోసారి చదువమ్మా."

చదివాను.

"ఎక్కడుంది అది? చూపించు."

చూపించాను. చెయ్యి చీరకి తుడుచుకుని, "నాకు మూడో నెల" అన్న చోట వేలు పెట్టి, అక్షరాల వెంట మెల్లగా జరిపారు. ఎన్నిసార్లో. తర్వాత లేచి లోపలికి వెళ్ళారు.

జూలై 4

అత్తయ్య చెప్పగానే ఆయన తంతి ఇచ్చారు, రమ్మని. ఆరో నెల నిండింది, డాక్టరు వద్దన్నాడని జవాబు. మాణిక్యానికి నేను విడిగా రాశాను, చేసినదంతా. అబద్ధమేమీ కలపలేదు. ఆమె రాయలేదు.

ఆయన భోజనానికి వస్తారు, తింటారు, వెళతారు.

అక్టోబరు 9

తంతి. మగపిల్లవాడు. మాణిక్యం పరిస్థితి బాగాలేదు.

అక్టోబరు 10

అత్తయ్య పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు. మెహబూబ్ బీ దర్గాకి వెళ్ళి వచ్చింది. నేను వంటగదిలో కూర్చున్నాను. ఆ పిల్ల పోతే చంపింది నేనే. ఆ మాట అనుకుంటూనే, మగపిల్లవాడు అన్న మాట దగ్గర లోపల ఏదో చురుక్కుమంది. ఇప్పుడు కూడా. ఇంత జరిగాక కూడా. ఇలాంటి దాన్నని రాసి పెట్టుకుంటున్నాను.

అక్టోబరు 14

గండం గడిచిందని తంతి. ఆయన కొట్టు నుంచి పరుగెత్తుకుంటూ వచ్చారు, చెప్పులు కూడా లేవు. అత్తయ్య గుమ్మంలోనే కూర్చున్నారు. పక్కన నేనూ కూర్చున్నాను. ఆయన వచ్చి మా ఇద్దరికీ మంచినీళ్ళు ఇచ్చారు. నాకు కూడా.

అక్టోబరు 17

మధ్యాహ్నం అత్తయ్య పలక ఒకటి తెచ్చి నా ముందు పెట్టారు. బజారుకి వెళ్ళి తనే కొనుక్కొచ్చారట. నేర్పు అన్నారు. ఈ వయసులో ఎందుకండీ, ఉత్తరాలు ఇక నుంచి మీ అబ్బాయి చదువుతారు కదా అన్నాను.

"మీరెవరూ నాకు చదివి పెట్టొద్దు."

కోపంగా అనలేదు. కూర ఉప్పు చూడమని చెప్పినంత మామూలుగా అన్నారు. ఆవిడకి యాభై ఎనిమిది. చెయ్యి పట్టుకుని "అ" దిద్దించాను. వేళ్ళు చింతపండు వాసన.

నవంబరు 14

జిబ్రాల్టర్ నుంచి కవరు. ఈసారి నా పేరు లేదు. అత్తయ్య పేరే, భద్రమ్మ గారికి అని ఉంది. బరువుగా ఉంది, ఫోటో కూడా ఉందేమో. అత్తయ్య అందుకుని, పేరులో భ ఎక్కడుందో వెతికి పట్టుకుని, విప్పకుండానే దిండు కింద పెట్టుకున్నారు. గుణింతాలు ఇంకా సగం మిగిలాయి.

ఆయన చదువుతానన్నారు. ఇవ్వలేదు. మెహబూబ్ బీ అడిగింది. ఇవ్వలేదు.

నవంబరు 29

పక్క సర్దేటప్పుడు కవరు చేతికి తగిలింది. వెలుతురుకి ఎత్తి పట్టుకున్నాను. ఏమీ కనిపించలేదు. ఎలా ఉందో అలాగే పెట్టేశాను.

డిసెంబరు 22

గుణింతాలు, ఒత్తులు నేర్చుకోవడం అయింది. ఇవాళ అత్తయ్య కవరు చించారు. వసారాలో గోడకి ఆనుకుని, పెదవులు కదుపుతూ, ఒక్కొక్క అక్షరం. మొదటి వాక్యానికి నా వంట మొత్తం అయింది.

అదేమిటో నాకు చెప్పలేదు. నేను అడగలేదు. అన్నం వడ్డించి పిలిచాను. ఉండమన్నట్టు చెయ్యి చూపించి, రెండో వాక్యం మొదలుపెట్టారు.