ఒకే సీసాలో రెండు కొవ్వులు

గ్రెనోబుల్, జూన్ 2

స్టోర్సు అధికారి పెరషోన్ గారికి నమస్కారాలతో,

నా డ్యుటీరియం కొవ్వు సీసా ఈ వారం వస్తుంది. వేలెడంత సీసా, లోపల చిటికెడు తెల్ల పొడి. రాగానే ఫ్రీజరులో పెట్టించండి. మూత మాత్రం తీయకండి. కాళ్లావేళ్లా పడితే వచ్చే సోమవారం రియాక్టరు దగ్గర న్యూట్రాన్ కిరణం నాకిచ్చారు. అది తప్పిందా, సెప్టెంబరులో నా ఉద్యోగం ఊడుతుంది, మా అత్త చీజు కొట్లో కూర్చోవాలి. మా అత్త సంగతి మీకు తెలియదు.

ఇట్లు,
సొలేన్ షార్వే

తా.క.: ఫ్రీజరులో చోటు లేదట. ఆ ఐస్‌క్రీము డబ్బా ఎవరిదో తీయించండి.

జూన్ 4

మదాం షార్వే గారికి,

సీసా చేరింది. మూత తీయవద్దన్నారు కాబట్టి కొంచెమే తీశాను. మీ బీరువాలోని పాత కొవ్వు పక్కన పెట్టి చూశాను. అదే తెలుపు, అదే వాసన. ఉన్నదాన్నే మళ్లీ ఎందుకు తెప్పించారో రాతపూర్వకంగా తెలియజేయండి. భోజనం వేళ ఫోన్ చేయకండి.

నా విశిష్ట భావాలను అంగీకరించమని వేడుకుంటూ,
గాస్తోం పెరషోన్

తా.క.: అది ఐస్‌క్రీము కాదు, పాలు లేని నిమ్మరసం మంచు, సోర్బే. డైరెక్టరు గారిది. దాన్ని కదిలించే మగాడు ఇంకా పుట్టలేదు.

జూన్ 5

పెరషోన్ గారూ,

మీకు ఒకటేగానీ న్యూట్రాన్లకు కాదండీ! కొత్తదాంట్లో హైడ్రోజన్ తీసేసి, దాని బరువైన తోబుట్టువు డ్యుటీరియాన్ని పెట్టారు. కణం చుట్టూ ఉండే కొవ్వు పొరలో ఒక ప్రొటీను ఎలా ఇరుక్కుని కూర్చుందో చూడడానికే ఇన్ని తిప్పలు. మీకు పుణ్యముంటుంది, ఆ సీసా జోలికి పోకండి.

ఆందోళనతో,
సొలేన్

తా.క.: వాసన కూడా చూశారా?

జూన్ 6

మదాం గారికి,

శుభవార్త. ఫ్రీజరులో చోటు ఆదా చేయాలని సర్క్యులర్ వచ్చింది. ఒకే సరుకు రెండు సీసాల్లో ఉంటే ఒకదాంట్లో కలిపేయాలి. మీ రెండు కొవ్వులూ కలిపి, బాగా కుదిపి, పైన రెండు చీటీలూ అంటించాను. థాంక్స్ అక్కర్లేదు, ఇది నా విధి.

నా అత్యంత విశిష్ట భావాలతో,
గాస్తోం పెరషోన్

తా.క.: ఖాళీ సీసా ముచ్చటగా ఉంది. మా ఆవిడ మిరియాలు పోసుకుంది.

జూన్ 14

మహానుభావా,

మీ ఉత్తరం చదివి మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. వేరే దిక్కు లేక ఆ కలగలుపులోనే ప్రొటీను చేర్చి, భారజలంలో, అంటే డ్యుటీరియం నీళ్లలో కలిపి కిరణం ముందు పెట్టాను. ఏమైందో తెలుసా? రెండు కొవ్వుల పాళ్లూ సరిగ్గా కుదిరి, మీ కొవ్వు న్యూట్రాన్లకు అచ్చం ఆ నీళ్లలాగే కనిపించింది. కొవ్వు పొర జాడే లేదు! తెర తీసినట్టు ప్రొటీను ఒక్కటే నిలబడింది. నా గడువు అక్టోబరు దాకా పొడిగించారు, అప్పుడు ఇదే మళ్లీ చేసి చూపిస్తే ఉద్యోగం ఖాయమన్నారు. ఏది ఎన్ని పాళ్లు కలిపారో చెప్పండి చాలు. మిగిలిన కాస్త ఫ్రీజరు అడుగున దాచాను, అదే నా ప్రాణం.

జీవితాంతం మీ రుణగ్రస్తురాలు,
సొలేన్

తా.క.: వరండాలో మిమ్మల్ని గాడిద అన్నది నేనే. క్షమించండి.

జూన్ 17

గౌరవనీయులైన మదాం గారికి,

మీ ఉత్తరం పటం కట్టించి గోడకు తగిలించాను. నా పద్ధతిని మెచ్చుకున్న శాస్త్రవేత్త మీరొక్కరే. పాళ్లంటారా, అది హస్తవాసి, చెబితే వచ్చేది కాదు. కానీ మీ కష్టం చూస్తూ ఊరుకోలేను. అక్టోబరుకు సరిపడా ఉండాలని, ఫ్రీజరులో తెల్లగా ఉన్న సీసాలన్నీ, అడుగున మీరు దాచినదానితో సహా, ఒకే డబ్బాలో కలిపేశాను. ఇక మీకు లోటుండదు.

అత్యంతాత్యంత విశిష్ట భావాలతో, మీ తోటి పరిశోధకుడు,
గాస్తోం పెరషోన్

తా.క.: డైరెక్టరు గారు మిమ్మల్ని వెంటనే రమ్మన్నారు. ఆ సోర్బే కూడా తెల్లగానే ఉంది.