తెరిచిపెట్టిన పుస్తకం

గుర్తు తెలియని చదువరి గారికి నమస్కారాలు.

మీ పేరు చెప్పడానికి లైబ్రరీ వాళ్ళు ఒప్పుకోలేదు. ఉత్తరం రాసిస్తే అందజేస్తామన్నారు. నేను పరిశోధక విద్యార్థినిని. డిజిటల్ లైబ్రరీలో 'పట్టణపు బావులు' పుస్తకం ఒకరు తెరిస్తే ఇంకొకరికి తెరుచుకోదు. పొద్దున చూసినా, సాయంత్రం చూసినా తెర మీద ఒకటే మాట: 'చదువుతున్నారు'. అందులోని నూట పన్నెండో పేజీ నుంచి ఒక వాక్యం నా సిద్ధాంత వ్యాసంలో ఎత్తి రాశాను. ఎత్తి రాసిన ప్రతిదానికీ అసలు పేజీ జతపరచాలని మా విభాగం కొత్తగా నియమం పెట్టింది. ఒక్క గంట మూసిపెట్టండి, మీకు పుణ్యముంటుంది.

ఇట్లు,
గుమ్మంలో నిలబడ్డ మనిషి

తా.క.: భోజనానికైనా లేస్తారా?

అమ్మాయికి ఆశీస్సులు.

నీకు కావలసింది వాక్యం. నా దగ్గరున్నది పుస్తకం. ఈ కాలం పిల్లలు పుస్తకంలోకి చుట్టపుచూపుగానైనా వెళ్ళరు. వెతికే గడిలో ఒక మాట కొట్టి, దొరికింది చంకన పెట్టుకుని పరిగెడతారు. నేను నిదానస్తుణ్ణి. ఎప్పటికవుతుందో చెప్పలేను.

ఇట్లు,
నిదానస్తుడు

తా.క.: లేస్తాను. అప్పుడు కంప్యూటరుకు మా కోడలు కాపలా.

నిదానస్తుల వారికి నమస్కారాలు.

ఇప్పుడర్థమైంది. మీరూ బావుల మీదే పరిశోధన చేస్తున్నారు. నన్ను వెనక్కి నెట్టి ముందు సమర్పించాలని ఇంటిల్లిపాదీ కంకణం కట్టుకున్నారు. ఆ వాక్యాన్ని ఎత్తి రాయనివాళ్ళు లేరండీ. ప్రతి వ్యాసం అడుగునా అదే పేజీ నంబరు. మా గైడు గారి పుస్తకం 'కుళాయి కాలం'లోనూ ఉంది. నా మూడో అధ్యాయం మొత్తం దాని మీదే నిలబడింది. నెలాఖరులోగా ఇవ్వకపోతే నా పరిశోధన రద్దవుతుంది. నిజం చెప్పొద్దూ, నాకు భయంగా ఉంది.

ఇట్లు,
మీ పోటీదారు

తా.క.: ఆ పుస్తకం అంత గొప్పదేం కాదంటారు అందరూ. చదివారా అని అడిగితే మాత్రం వాళ్ళకు దగ్గొస్తుంది.

అమ్మాయికి.

ఇంతకీ ఏమిటా వాక్యం? పొల్లుపోకుండా రాసి పంపు.

నిదానస్తుడు

అయ్యా,

'కుళాయిలు రాగానే జనం బావుల్ని మరిచిపోయారు.' ఇదీ వాక్యం. పుస్తకం ముందేసుకుని కూర్చున్నది మీరు, అందులో ఏముందో చెప్పాల్సింది నేనా? అసలు మీరక్కడ ఏం చేస్తున్నారు?

ఓపిక చచ్చిన మనిషి

అమ్మాయికి ఆశీస్సులు.

పుస్తకం మూసేశాను. వెళ్ళి తెరుచుకో.

నేను దాన్ని చదవడం లేదమ్మా, తెరిచిపెట్టానంతే. ఏడాదిగా ఎవరూ తెరవని పుస్తకాలను తీసేస్తామని లైబ్రరీ వాళ్ళు రచయితలకు కబురు పెట్టారు. అలా నాకూ వచ్చింది. అచ్చుప్రతులు ఎప్పుడో చెదల పాలయ్యాయి. ఇదీ పోతే నా కష్టమంతా బూడిదలో పోసిన పన్నీరే. ఒక్కసారి తెరిస్తే చాలునో లేదో తెలియక కాపలా కూర్చున్నాను. ఆ కాపలా వల్లే, వచ్చిన ఒక్క మనిషీ గుమ్మంలో నిలబడిపోయిందని తోచలేదు.

నీ ఉత్తరం చూశాక నూట పన్నెండో పేజీ తీశాను. అక్కడ వాక్యమే లేదు. గిలకబావి బొమ్మ ఉంది, మా ఆవిడ గీసింది. తర్వాత మొదటి నుంచి చివరి దాకా చదివాను. ఆ మాట ఎక్కడా లేదు. నేను రాసింది అందుకు పూర్తిగా విరుద్ధం. కుళాయి వచ్చాక కూడా ఆడవాళ్ళు బావి దగ్గరికి వెళ్ళి, కబుర్లు చెప్పుకుని, ఖాళీ బిందెతో తిరిగొచ్చేవారని రాశాను. ఎవరో పొరపాటున రాశారు, తక్కినవాళ్ళు వాళ్ళను చూసి రాశారు. ఇంతమంది పేరు చెప్పుకున్న పుస్తకాన్ని ఒక్కరూ తెరవలేదు. నాకు నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది.

నీ మూడో అధ్యాయం కూలినట్టే. తిరగరాస్తానంటే నాకు తెలిసిందంతా చెబుతాను. గడువు పెంచమని మీ విభాగానికి నేనే రాస్తాను. ఆ బొమ్మ ఒక్కటి జతచేస్తే వాళ్ళకే అర్థమవుతుంది.

ఇట్లు,
'పట్టణపు బావులు' రాసినవాడు

తా.క.: 'కుళాయి కాలం' ఆవిష్కరణ సభలో నేనే ముఖ్య అతిథిని. ప్రతి పేజీ ఆణిముత్యమని అరగంట మాట్లాడాను. నా పేరు మీద అందులో ఏం రాశారో నువ్వు చెబితే తెలిసింది.